పోయొస్తా అనని గొంతు

ఏజెంట్ ఫ్రెడ్డీ శవం జువ్వలదిన్నె హార్బర్‌లో తేలింది. మర్నాడే చీఫ్ విజయకుమారి గారు అతని అన్న హెబ్రోనును పిలిపించారు. హెబ్రోనుదీ అదే ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్. ఆమె ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వినిపించారు.

"అన్నా, రాడార్ రహస్యం వాళ్ళకిచ్చేశాను. నన్ను వెతకొద్దు. నేను వెళ్తున్నాను."

"మీ తమ్ముడు శత్రువుకు అమ్ముడుపోయి, వాళ్ళ చేతిలోనే పోయాడు. ఫైల్ క్లోజ్ చేస్తున్నా."

"గొంతు వాడిదే మేడం. మాట వాడిది కాదు," అన్నాడు హెబ్రోను. "మా ఇంట్లో గడప దాటేటప్పుడు ఎవరూ వెళ్తున్నా అనరు. పోయొస్తా అంటాం. నోరు జారితే మా అమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపేది. ఇది వాయిస్ క్లోన్. తెలుగు క్లాసులో నేర్చుకున్నోళ్ళెవరో రాసిచ్చినారు. ఆ రాసినోళ్ళు నాకు కావాల."

"అయితే వెతుకు. కానీ ప్రాణాలతో తేవాలి. ఇది మిషన్, పగ కాదు."

హెబ్రోను లేచి బయటికి నడిచాడు.

ఫ్రెడ్డీ ఫోన్ చివరిసారి సిగ్నల్ ఇచ్చిన చోటు బోగోలు రోడ్డులోని 'ఆలివ్ అండ్ మిర్చి'. గ్రీకు వంటనూ మెక్సికన్ వంటనూ కలిపి వడ్డించే చిన్న హోటలు. హెబ్రోను లుంగీ కట్టి, పెట్టుడు మీసంతో, ఐస్ పెట్టె మోసుకుంటూ చేపల సప్లయర్‌లా లోపలికెళ్ళాడు. చెవిలో ఇయర్‌పీస్. చేతికి సిగ్నల్ పసిగట్టే వాచీ.

పక్క బల్ల దగ్గర చేపలమ్మే చెంచమ్మ వంజరం టాకో నములుతోంది.

"ఇదేందబ్బా, రొట్టెలో చేపముక్క చుట్టి, దోసకాయ పెరుగుపచ్చడి పూసి రెండు దేశాల పేర్లు చెప్తారే!"

"తింటా తిడతావేందక్కా?" అన్నాడు హెబ్రోను.

"నోరుండేది రెంటికీ గదా!"

కౌంటర్‌లో ఓనర్ డెబోరా. ఎర్రచీర, నల్ల కళ్ళద్దాలు. కావలి ఆడబిడ్డనని ఊరంతా చెప్పుకుంటుంది. ఆమె వెనక ఇనుప కమ్మీకి గుచ్చిన మటన్ దిమ్మ మంట ముందు తిరుగుతోంది. ఎంత తిరిగినా కొవ్వు బొట్టు కారదు. వాసన లేదు. హెబ్రోను కౌంటర్ దగ్గరికి జరిగాడు. వాచీ మణికట్టు మీద గిలగిల్లాడింది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "హార్బర్ రాడార్ పడిపోయింది! ఆర్‌డీఎక్స్ బోటు ఒడ్డుకొస్తోంది. దాన్ని మూగబెట్టిన జామర్ ఎక్కడుందో చూడు. క్విక్!"

డెబోరా హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది. "చెంచమ్మక్కా, కౌంటర్ చూస్తూ ఉండు. నేను వెళ్తున్నాను."

"అదేం మాట పాపా! పోయొస్తా అనాల."

హెబ్రోను ఒళ్ళు భగ్గుమంది. ఐస్‌లోంచి రివాల్వర్ పైకి తీశాడు.

"నా తమ్ముడి గొంతుతో కూడా ఇదే పలికించినావు."

డెబోరా నవ్వింది. "ఓ, నువ్వా అన్న? కాల్చు. జామర్ స్విచ్ ఎక్కడుందో నాతోనే పోతుంది. బోటు వచ్చేసింది."

వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. పగ తీర్చడం దేవుడి పని, మనుషులది కాదని ఆదివారం ఆదివారం చర్చిలో వింటూనే ఉన్నాడు. మరి తమ్ముడి రక్తం ఎవరిది ప్రభువా?  ఒక్క సంగతి మాత్రం తోచింది. చచ్చిన డెబోరా ఫ్రెడ్డీ మీద పడ్డ మచ్చ తుడవలేదు.

గురి మార్చి, కొవ్వు కారని, వాసన లేని ఆ మటన్ దిమ్మను కాల్చాడు. రబ్బరు మాంసం పగిలి, లోపలి వైర్లు నిప్పులు కక్కాయి.

"రాడార్ వచ్చింది! గట్టుకు కూతవేటులో బోటు దొరికింది," చీఫ్ కేక పెట్టారు.

హెబ్రోను డెబోరా చేతులకు బేడీలు తగిలించాడు. "చంపి వదిలేస్తాననుకున్నావా? నా తమ్ముడు ద్రోహి కాదని కోర్టులో నీ నోటితోనే చెప్పాల. నేను ముందు వరసలో కూచుని వింటా."

"ఆ దిమ్మకా నేనిన్నాళ్ళూ నోరూరించుకునింది!" చెంచమ్మ నెత్తి కొట్టుకుంది.

జీపెక్కుతూ డెబోరా వెనక్కి తిరిగి వెటకారంగా అంది. "పోయొస్తా అన్నా."

"ఇప్పుడు తప్పు పలికినావు మేడం," అన్నాడు హెబ్రోను, పెట్టుడు మీసం పీకేస్తూ. "వెళ్తున్నా అను."