లాకరు తలుపు మీది అంకె

రెండువేల డెబ్బయ్యారు నాటికి, జపాను నుంచి వచ్చిన బేస్‌బాల్ బ్యాటరు అమెరికాలో ఎలా ఆడతాడన్న దాని మీద వాదులాడుకోవడం లోకం మానేసింది. ఒసాకాలో నూడుల్స్ కొట్టు ముందు నిలబడ్డవాడైనా, పోర్ట్‌లాండ్‌లో ట్రామెక్కినవాడైనా అడిగేది ఒకటే మాట: "తూనిక ఎంత చెప్పింది?" ఉగాదినాడు పంచాంగంలో వానలెన్నో చూసుకున్నట్టు ఆ అంకె చూసుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. పంచాంగం తప్పినా తూనిక మాత్రం తప్పేది కాదు.

తూనిక అంటే పోర్ట్‌లాండ్ హెరాన్స్ జట్టు మైదానం కింద ఉన్న తెల్లటి గది. జపానులో బంతి కాస్త చిన్నది, వేళ్ళకి బాగా పట్టు దొరుకుతుంది. బంతి వేసేవాడికి వారం రోజుల విశ్రాంతి. అమెరికాలో బంతి జారుడు, వేగం ఎక్కువ. జపాను బ్యాటర్లు ముందుకాలు పైకెత్తి, దించుతూ కొడతారు. ఆ ఎత్తడానికి పట్టే క్షణంలో పదోవంతు ఇక్కడ దొరకదు. కొత్తగా వచ్చినవాడిని ఆ గదిలో నిలబెట్టి, వెలుగుతో చేసిన అమెరికా బంతులు ఆరువందలు విసురుతారు. కంటి నుంచి మణికట్టుకు కబురెంతసేపట్లో చేరుతోందో 'నాడీదర్పణం' కొలుస్తుంది. అందులోంచి మార్పిడి గుణకం తీసి, వెయ్యి అవకాశాల్లో ఎన్నిసార్లు బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరతాడో తూనిక ఒక చిన్న కార్డు మీద అచ్చువేస్తుంది. కార్డు మీద పేరుండదు, అంకె ఒక్కటే. పేరు కవరు మీద ఉంటుంది. ఆటగాడు ఆ కార్డును తన లాకరు తలుపుకు అంటించుకోవాలి. ఏ అంకె ఎవరిదన్న అసలు పద్దు మాత్రం యంత్రం కడుపులో తాళం పడి ఉంటుంది. ఎవరినైనా ఇంటికి పంపేసే రోజున తప్ప ఆ తాళం తీయరు.

ఆ తాళం తీసే పని డాక్టర్ జాస్తి విశారదది. ఆగస్టులో ఒక గురువారం పొద్దున ఆమె తాళం తీసి, అలాగే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం విమానానికి పంపేయవలసినవాడు హిరాబయాషి జున్పే, ఇరవై నాలుగేళ్ళవాడు. తలుపు మీద కార్డు 217. మైదానంలో ఇప్పటిదాకా 216. పక్క లాకరు ముకాయ్ తొషిరోది, ముప్పై ఒకటి దాటినవాడు. కార్డు 284, ఆట 285. పద్నాలుగేళ్ళలో నలభై ఒక్కమంది ఎలా ఆడారో, వీళ్ళూ అలాగే కార్డు ప్రకారం ఆడారు. విశారద చేయవలసిందల్లా సంతకం.

"హిరాబయాషి జున్పే, రెండువందల ఎనభై నాలుగు," అంది తూనిక. దానికి తెలుగు నేర్పింది విశారదే.

"మళ్ళీ చెప్పు."

"మళ్ళీ చెప్పినా అంతేనండీ. ముకాయ్ తొషిరో, రెండువందల పదిహేడు."

విశారదకు బుర్ర తిరిగింది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, మనుషులే తారుమారయ్యారు. మూడుసార్లు లెక్క మళ్ళీ వేయించింది. మూడుసార్లూ అదే. యంత్రం పొరపాటు పడితే తలుపు మీది కార్డెలా నిజమైంది? పడకపోతే ఈ అంకెలేమిటి? ఎటునుంచి చూసినా ముడి బిగుసుకుంటోందే గాని విడడం లేదు.

ఆమె పై అధికారి పర్వతనేని చక్రధర్ విషయమంతా నిలబడే విన్నాడు.

"దానికి వయసైపోయిందమ్మా. తలుపు మీద పదిహేడుంది, కుర్రాడు పదహారు కొట్టాడు. ఇంకేం కావాలి? సంతకం పెట్టేసెయ్."

"మిషనే కాదంటోందండీ."

"మిషను చెప్పింది నిజమైందని లోకమంతా అంటుంటే, కాదనడానికి అదెవరు?"

విశారదకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. సంతకం పెడితే ఒక పిల్లవాడి ఆట అమెరికాలో ఈ సాయంత్రంతో సరి. మళ్ళీ ఏ జట్టూ పిలవదు. కాగితం బల్ల మీదే వదిలి లాకరు గదికి బయల్దేరింది.

మెట్లు ఎక్కుతుండగా మార్చి నెల గుర్తుకొచ్చింది. ఎవరి కవరు వాళ్ళకే, రెండు చేతులతో ఇవ్వాలన్నది నియమం. ఆ రోజు ముకాయ్ వైద్యపరీక్షకు వెళ్ళాడు. ఆమె తొందరలో ఉండి, రెండు కవర్లూ హిరాబయాషి చేతిలో పెట్టి, "మీ అన్నగారిది కూడా ఇచ్చేయండి," అని చక్కా వచ్చేసింది. ఇద్దరూ ఒకే హైస్కూల్లో ఆడినవాళ్ళు. అక్కడ ఏడాది ముందున్నవాడు కూడా జన్మంతా అన్నే. తమ్ముడు అతని బ్యాట్ల సంచి మోయాలి, స్నానానికి అతని తర్వాతే దిగాలి.

హిరాబయాషి చొక్కాలు మడతపెడుతున్నాడు. చెవిలోని అనువాద యంత్రం అతని జపాను మాటలను మర్యాదగా తెలుగు చేసి ఆమెకు అందించింది.

"కవర్లు విప్పావా?" అంది విశారద.

అతను చేతిలోని చొక్కా కింద పెట్టాడు. తర్వాత తల వంచుకుని, "నాది విప్పాను డాక్టర్ గారూ. సంతోషం పట్టలేక అన్నయ్యది కూడా చూశాను. ఆయన అంకె నాకంటే తక్కువ. అది నా చేత్తో ఆయనకెలా ఇవ్వను? మార్చేశాను," అన్నాడు.

"నీ అసలు అంకె నీకు తెలుసు కదా! మరి ఈ ఆటేంటి నాయనా?"

"మొదటి నెల తెలుసండీ. రోజూ బూట్లు వేసుకునేటప్పుడు ఎదురుగా పదిహేడే కనిపించేది. కోచ్‌లు కాలు ఎత్తొద్దన్నారు. తర్వాత కొంచెం ఎత్తమన్నారు. ఆ తర్వాత చేతులు దించమన్నారు. రెండు రోజులు సరిగ్గా ఆడకపోతే మూడోరోజు బెంచీ మీదే. మే నెలాఖరుకు ఆ ఎనభై నాలుగు నేను కలగన్నానేమో అనిపించింది."

ముకాయ్ మాట ఆమె అడగనవసరం లేదు. అతను కాలు అందరికంటే ఎత్తుగా లేపుతాడు. ఏప్రిల్లో మూడు వారాలు ఒక్క బంతీ కొట్టలేదు. కోచ్ వీపు తట్టి, 'ఎనభై నాలుగువాడివి, అదే వస్తుందిలే,' అనడం ఆమె స్వయంగా విన్నది. అదే వచ్చింది.

"అన్నయ్యకు చెప్పకండి," అన్నాడు హిరాబయాషి. ఇంటికి పంపొద్దని మాత్రం అడగలేదు.

విశారద కిందికి వచ్చి యంత్రం ముందు నిలబడింది. "తూనికా, నువ్వు వేసే అంకె ఆటగాడిదా, మాదా?"

"నేను నేర్చుకున్నవి పద్నాలుగేళ్ళ ఆటలండీ. అందరి తలుపుల మీదా కార్డులున్నాయి. కార్డు లేనివాడు ఎలా ఆడతాడో నాకెవరూ చూపించలేదు."

ఆమె సంతకం పెట్టలేదు. కవర్లిచ్చేటప్పుడు పొరపాటు తనదేనని రాసిచ్చి, హిరాబయాషికి 284తో కొత్త కార్డు అచ్చువేయించింది. ముకాయ్ తాళం మళ్ళీ వేసేసింది. అతని సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కోచ్‌లు హిరాబయాషి కాలిని దాని మానాన వదిలేశారు. అతను మాత్రం కార్డు అంటించుకునే ముందు పెన్ను తీసి, నాలుగు కొట్టేసి మూడు వేసుకున్నాడు. అన్నతో సమానం కాకూడదట. ఆ రోజు నుంచి చివరి ఆట దాకా లెక్క కడితే 283.

తూనిక మళ్ళీ తప్పలేదని పత్రికలు రాశాయి. చక్రధర్ కేకు కోయించాడు. విశారద తన ముక్క పట్టుకుని పాత జాబితా ముందు కూర్చుంది. నలభై ఒక్కమందిలో పంతొమ్మిదిమందిని వెనక్కి పంపారు. పంతొమ్మిది సంతకాలూ తనవే. వాళ్ళలో ఎవరు నిజంగా ఆడలేనివాళ్ళో, ఎవరు తలుపు చూసి ఆడలేకపోయారో ఇప్పుడెలా తెలుస్తుంది? ఎవరినడగాలో కూడా ఆమెకు తోచలేదు. కేకు అలాగే ఉండిపోయింది.

మరుసటి మార్చిలో ఇనోమాతా సోహెయ్ అనే ఇరవై రెండేళ్ళవాడు వచ్చాడు, ముకాయ్, హిరాబయాషిల హైస్కూలువాడే. విశారద కవరును రెండు చేతులతో అతనికే ఇచ్చింది. అతను విప్పి, కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డాక్టర్ గారూ, నా అంకె ఏదండీ?"

"లేదు. నువ్వు ఆడు, అదే వస్తుంది."

అతని మొహం తెల్లబోయింది. "అంకె లేకుండా ఎలా ఆడతారండీ?" అన్నాడు. ఆమె నవ్వి భుజం తట్టింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి మనసు తేలికపడి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున లాకరు గది మీదుగా వెళ్తూ ఆగింది. ఇనోమాతా తన తలుపుకు కార్డు శుభ్రంగా అంటించుకున్నాడు. పక్కన ముకాయ్ తలుపు మీద 284, దాని పక్కన హిరాబయాషి తలుపు మీద 283. ఖాళీ కార్డు మీద కుర్రవాడు నల్ల సిరాతో, గుండ్రటి అంకెల్లో, 282 అని రాసుకున్నాడు.