గురమ్మకు సన్మానం

“నోరు ఇంకాస్త తెరవమ్మా.” డాక్టర్ రెహానా చిటికెన వేలంత ఎర్ర ల్యాంపును గురమ్మ అంగిట్లోకి చేర్చి స్విచ్ నొక్కింది.

ఇంకొన్నేళ్ళ తర్వాతి సంగతి ఇది. గురమ్మ విశాఖ రేవులో చేపలమ్మే మనిషి. ఆవిడకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ నిప్పే అంగిట్లో క్యాన్సర్ పుండు పెట్టింది. రెహానా కనిపెట్టిన మందును నరంలోకి ఎక్కిస్తే ఒళ్ళంతా పాకి, క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా పేరుకుంటుంది. వెలుతురు తగిలిందా, ఆ కణాలను చంపేస్తుంది. కోత లేదు, కుట్టు లేదు. తిరకాసు ఒక్కటే. మందు నెలపాటు చర్మంలోనూ, కళ్ళలోనూ ఉండిపోతుంది. అందాకా ఎండ, పెద్ద లైట్లు తగలకూడదు.

“అయితే సీకట్లో కూకోవాలన్నమాట,” అంది గురమ్మ. “కూకుంతాను డాట్రమ్మా. కళ్ళు సల్లగుంటే మల్లీ సేపలమ్ముకుని బతుకుతాను.”

పుండు మాడిపోయింది. అక్కడితో ఆగితే మనం మనుషులమెందుకవుతాం? ఎవరైనా బతికి బట్టకడితే చాలు, సన్మానం చెయ్యందే మనకు నిద్రపట్టదు. “నెల ఆగండి సార్,” అని రెహానా మొత్తుకుంది.

“మంత్రిగారు ఆగరమ్మా. పది నిమిషాల్లో ఏమైపోతుంది?” అన్నాడు రెహానా పనిచేసే ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్. రెహానా మరో రోగి దగ్గర ఉండగా కారు పంపి గురమ్మను వేదికెక్కించాడు.

వెనక ఫ్లెక్సీ: ‘చీకటి నుండి వెలుగులోకి’. ఎదురుగా ఫ్లడ్ లైట్లు. గురమ్మ మంటకు తాళలేక, కప్పిన శాలువానే మొహమ్మీదికి లాక్కుంది. ఆ సభలో ఆవిడకు పనికొచ్చిన వస్తువు అదొక్కటే.

“సిగ్గుపడుతోంది పాపం,” అన్నాడు డైరెక్టర్ మైకులో. జనం చప్పట్లు కొట్టారు. మొహం కనపడాలన్నారు ఫొటోగ్రాఫర్లు. మంత్రిగారు స్వయంగా, ముచ్చటపడి, శాలువా తొలగించారు.

రెహానా పరిగెత్తుకొచ్చేసరికి మొహమంతా బొబ్బలు. “లైట్లు ఆర్పండి!” అని అరిస్తే, వందన సమర్పణ ఇంకా కాలేదన్నారు. సిగ్గులేని జన్మలు! గురమ్మకు చూపు మళ్ళీ రాలేదు.

ఆవిడ ఆడపడుచు సత్తెమ్మకూ అంగిట్లో అదే పుండు, ఇంకా చిన్నది. రెహానా పేటకు వెళ్ళి బతిమాలింది. “నొప్పి ఉండదమ్మా. కాస్త ఎర్ర వెలుతురు, అంతే.”

సత్తెమ్మ చుట్ట వెలిగిస్తూ, పక్కనే తడుముకుంటున్న గురమ్మ వంక చూసింది.

“మా వదిన్ని ఎలుతుర్లోకి తెచ్చినారు కదా, సాల్లే తల్లీ. నాకీ ఎలుతురు సాలు,” అని, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.