మైకు లేని కచేరీ

"గిటారు కాస్త తగ్గించండి. పాట వినపడట్లేదు," అంది సౌండ్ ఇంజనీరు, హెడ్‌ఫోన్స్ పక్కకి జరిపి.

"గిటారు బాగుందనే అంటారందరూ," అన్నాడు గాయకుడు.

"మరి పాట గురించి ఏమంటారు?"

అతను గిటారు తగ్గించాడు.

విచారణ లేకుండా ఏడాదిగా జైల్లో ఉన్న ఒక విలేకరి విడుదల కోసం హక్కుల సంఘం పెట్టబోతున్న కచేరీకి రిహార్సల్ అది. స్టేజీ వెనక ఆయన ఫోటో కట్టారు.

"ఈయన బాగా కోపిష్టిలా ఉన్నాడే," అన్నాడు గాయకుడు, మాట కలుపుదామని.

"నవ్వు ఆపుకుంటున్నాడు. ఫోటో తీసింది నేనే. మా అన్నయ్య."

అతను గిటారు పక్కన పెట్టేశాడు. "సారీ అండీ."

"పర్లేదు. వాడు వింటే పడీ పడీ నవ్వేవాడు."

ఆ తర్వాత రిహార్సల్స్‌కి అందరికంటే ముందు అతనే వచ్చేవాడు. వైర్లు చుట్టిపెట్టేవాడు, అదీ తప్పుగా. ఆమె విప్పి మళ్ళీ చుట్టుకునేది. తిట్టడం మాత్రం మానేసింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

కచేరీ సాయంత్రం హాలుకి తాళం వేసి ఉంది. ఎవరో బెదిరించారట, యజమాని ఫోన్ ఎత్తడం లేదు. బయట జోరు వాన. టికెట్లు కొన్నవాళ్ళు గొడుగులతో నిలబడిపోయారు. ఆమె వరండాలో స్పీకర్ పెట్టె మీద కూలబడింది.

"నువ్వెళ్ళిపో. దీన్లో నీ పేరు వినపడితే సినిమా పాటలివ్వరు."

"ఇవ్వడం లేదని పొద్దున్నే చెప్పేశారు."

"అయ్యో. మరెలా?"

"ఎలా ఏముంది, సాయంత్రం ఖాళీ దొరికింది."

అతను మెట్ల మీద కూర్చుని పాట ఎత్తుకున్నాడు. వినపడాలని జనం గొడుగులు ముడిచి దగ్గరగా వచ్చేశారు. చేతికి పని లేక ఆమె ఊరికే వింది. రెండో చరణంలో ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి అతను ఒక లైను మరిచిపోయాడు. జనమే అందుకున్నారు.

ఆ పాట ఫోన్లలో ఊరూరా తిరిగింది. విలేకరి సంగతేమిటని అడిగేవాళ్ళు పెరిగారు. చివరికి కేసు విచారణకొచ్చింది, కోర్టు ఆయన్ని విడుదల చేసింది.

జైలు గేటు దగ్గర అన్నయ్య చెల్లెల్ని చాలాసేపు వదల్లేదు. తర్వాత కారు పక్కన నిలబడ్డ కుర్రాడి వైపు తిరిగాడు.

"నాకోసం వానలో పాడింది నువ్వేనా?"

"అవును బావా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"ఎప్పట్నుంచే ఇది?" అన్నాడు అన్నయ్య చెల్లెలితో.

"నాకూ ఇప్పుడే తెలిసింది," అంది ఆమె, తల ఎత్తకుండా. కాదని మాత్రం అనలేదు.

అన్నయ్య కారులో డ్రైవరు పక్క తలుపు తీశాడు.

"నేను ముందు కూర్చుంటాలే. మీరిద్దరూ వెనక కూర్చుని మాట్లాడుకోండి."