ఈ వారం ఏ రకం ప్రేమ?

"కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తారా?"

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నేను పనిచేసేది వీధికి అటువైపున్న కళ్ళద్దాల షాపులో. ఆమెను పెంచిన పిన్నికి కొత్త ఫ్రేము ఇచ్చి వద్దామని వాళ్ళ పుస్తకాల షాపుకు వెళ్ళి, గుమ్మంలోనే నవలల దొంతర కూలదోశాను. ఒక్కొక్కటే ఏరి ఇస్తుంటే ఆమెకు నవ్వాగలేదు. అంతే, నా పని అయిపోయింది.

"పడేసినందుకు ఒకటైనా కొనండి" అంది.

"మంచిదేదో మీరే రెకమెండ్ చెయ్యండి."

"ఇది తీసుకోండి. ముందు కొట్టుకుంటారు, తర్వాత ప్రేమించుకుంటారు. చాలా బావుంటుంది."

రెండు రోజుల్లో చదివేశాను. ఈమెకు ఇలాంటి ప్రేమంటే ఇష్టమన్నమాట! మూడో రోజు వెళ్ళి, "అరలన్నీ వంకర. దుమ్మైనా దులపరా?" అని కయ్యానికి కాలు దువ్వాను. ఆమె ముఖం ఎర్రబడింది. అచ్చం నవలలోలాగే జరుగుతోందని మురిసిపోయాను.

సోమవారం ఇంకో నవల చేతిలో పెట్టింది. "ఇందులో ఉత్తుత్తి పెళ్ళి. ఇంట్లోవాళ్ళ కోసం నటిస్తూ నిజంగానే ప్రేమలో పడతారు."

నాకు తికమకైంది. మొన్న కయ్యం, ఇవాళ నటన! అయినా చదివి వెళ్ళాను.

"మా అత్తయ్య వస్తోంది. ఒక్క గంట నాకు కాబోయే భార్యగా నటిస్తారా?"

"మీకు ఒంట్లో బావుందా?"

మూడో వారం రక్తపిశాచి ప్రేమ. ఆ నవలలో పిశాచి ఎవరైనా పిలిస్తే తప్ప గడప దాటదు. నల్లచొక్కా తొడుక్కుని, కుండపోత వానలో గుమ్మం బయటే నిలబడి, "మీరు పిలిస్తేనే లోపలికొస్తాను" అన్నాను. ఆమె పిన్నివైపు చూసింది, పిన్ని ఆమెవైపు చూసింది. ఎవరూ పిలవలేదు. జలుబు మాత్రం పిలవకుండానే వచ్చింది.

నాలుగో నవలలో ప్రేమికులు విడిపోయి, ఏళ్ళ తర్వాత కలుస్తారు. "ఏడవకుండా చదవలేరు" అంది. ఆమె కోసం ఆ మాత్రం విడిపోలేనా? ఏళ్ళంటే నావల్ల కాదు గనక పది రోజులు పెట్టుకున్నాను. వాళ్ళ షాపు కంటపడకుండా వెనక సందులోంచి పనికి వెళ్ళాను.

ఎనిమిదో రోజు పిన్ని అద్దాల స్క్రూ బిగించమని వచ్చింది. "అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. ఆదివారం మాట ఇచ్చేస్తున్నాం" అంది.

స్క్రూ నా చేతిలోంచి జారి ఎటో దొర్లిపోయింది. వెతకలేదు. పరుగెత్తాను.

"ఏమైపోయారండీ ఇన్నాళ్ళూ?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒకరోజు పోట్లాడతారు. ఒకరోజు పెళ్ళాంగా నటించమంటారు. ఒకరోజు వానలో దెయ్యంలా నిలబడతారు. తర్వాత పత్తా లేరు! మిమ్మల్ని ఏమనుకోవాలి?"

"మీకిష్టమనే కదా అదంతా! మీరు ఇచ్చిన నవలల్లో ఉన్నట్టే చేశాను."

ఆమె తల పట్టుకుంది.

"నాకిష్టమని ఎవరు చెప్పారు? అవన్నీ అమ్ముడుపోని స్టాకు! ఏది వదిలించుకోవాలో ప్రతి సోమవారం పిన్ని చెబుతుంది. ఆ వారమంతా నేను అదే బావుందంటాను."

నెల రోజులుగా నేను వాళ్ళ గోడౌన్‌ను ప్రేమించానన్నమాట.

"మరి మీకు ఏ రకం ఇష్టం?"

"ఏమో! మీరు రాని రోజుల్లో ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీ దాటలేదు."

ఏదైనా గొప్పగా చెప్పాలనుకున్నాను. ఒక్క నవలా గుర్తు రాలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ సంబంధం ఒప్పుకోకండి. ఇంకేం చెప్పాలో తెలీడం లేదు."

"ఇది ఎక్కడా చదివింది కాదు కదా?"

"ఒట్టండీ."

"అయితే రేపు రండి. ఏమీ చదవకుండా రండి."

అప్పటికే పిన్ని, ఊడిన అద్దాలు చేత పట్టుకుని, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"పిన్నీ, ఆ సంబంధం..." అని నసిగింది ఆమె.

"వద్దని చెప్పేస్తాలే" అని పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "చదవకపోతే పోయె గానీ, కొనడం మాత్రం మానకు అల్లుడూ!"