పీకల్లోతు నీళ్ళలో అమ్మ

గోడకి తెల్లరంగు ఎప్పుడైనా పైనుంచే మొదలుపెడతాం. చెవుల్లో పాటలుంటే కింద ఏముందో కూడా చూడను నేను. పైభాగమంతా తెల్లగా కొట్టేసి నిచ్చెన దిగుతుంటే ఎదురుగా మా అమ్మ!

గోడ మీద బొమ్మలో, పీకల్లోతు నీళ్ళలో నిలబడి నా వంకే చూస్తోంది. వెనకాల మా వీధి వీధంతా మునిగి ఉంది.

"ఆకాశం మొత్తం తినేశారు కదండీ!" కింద నుంచి ఓ అమ్మాయి కేక. జుట్టునిండా నీలిరంగు, చేతిలో కుంచె, కళ్ళలో నిప్పులు.

"మా అమ్మని ముంచేశారేంటండీ?"

"నేనా? చెరువు పూడ్చి కార్లు పెట్టుకుందామంటున్న మీ అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ముంచుతారు! ఎండలు ముదిరేకొద్దీ వానలూ పిచ్చెక్కినట్టు కురుస్తున్నాయి. ఆ చెరువు కూడా లేకపోతే నీళ్ళు ఇంతెత్తున నిలుస్తాయి. సాయంత్రం మీటింగ్‌కొచ్చేవాళ్ళు కళ్ళారా చూడాలనే వేశా."

"వాళ్ళు రాకముందే చెరిపెయ్యమని ఆయనే నన్ను పంపారు."

"కానివ్వండి. ముందు మీ అమ్మగారి మొహం మీద వెయ్యండి చూద్దాం."

రోలర్ ఎత్తాను. మళ్ళీ దించేశాను.

"అడక్కుండా బొమ్మ వేసెయ్యడమేనా?"

"అడిగే వేశా. అందరికన్నా పొట్టిదాన్ని, ముందు మునిగేది నేనేనంటూ ఆవిడే వచ్చి నిలబడ్డారు."

ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు అమ్మ!

"ఆకాశం నేను వేస్తా. ఏ రంగు?" అన్నాను.

ఆమె కుంచె దించి నా వంక చూసింది. "ప్రెసిడెంటుగారు మళ్ళీ పనివ్వరేమో!"

"ఇవ్వకపోతే పోనీండి."

"అయితే... కారుమబ్బు రంగు," అంది మెల్లగా.

సాయంత్రం ప్రెసిడెంటుగారు గోడ చూస్తూనే నా మీద విరుచుకుపడ్డారు. అంతలో బొమ్మలోని ఆ నీళ్ళలో తన భుజాలెక్కి ఏడుస్తున్న మనవరాలు కనబడింది. తిట్టు సగంలో ఆగిపోయింది. వీధంతా ఆయన్నే చూస్తోంది.

"చెరువు జోలికెళ్ళొద్దు," అన్నారు చివరికి, కుర్చీలో కూలబడి.

చప్పట్ల హోరులో ఆమె నా పక్కకొచ్చింది. "రేపు ఇంకో వీధిలో గోడ ఉంది. వస్తారా?"

"ఎన్ని గోడలున్నా వస్తా. మీరు నాకు చాలా నచ్చారు." అనేశాక నేనే బిత్తరపోయాను.

ఆమె మీటింగ్‌కొచ్చిన మా అమ్మ వైపు తిరిగింది. "అత్తయ్యా, మీ అబ్బాయి ఏమంటున్నారో విన్నారా?"

అత్తయ్యా!

"విన్నానమ్మా. ముందు సరే అనేసెయ్. వాడు మళ్ళీ నోరు విప్పాలంటే ఏళ్ళు పడుతుంది."

"సరే," అంది ఆమె నవ్వుతూ. నేనే ఇంకా తేరుకోలేదు.