నేపియర్ పీకిన చోట జొన్న

రామతులసి నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు ఆ మాటలన్నీ తిట్లే.

“ఏంది బావా, మూడు బర్రెల కోసం భూమిలో నీళ్ళన్నీ తోడేస్తావా? గట్టవతల మా బోరు గాలి కక్కతా ఉంది!”

వాళ్ళ నాయన దశరథరామయ్య మామ చేనూ, మా చేనూ పక్కపక్కనే. మా రాచర్ల వైపు నీళ్ళ మాటంటే ప్రాణం మాటే. తులసి పశువుల డిప్లొమా చదివి, ఊళ్ళో పశువైద్య సహాయకురాలిగా అప్పుడే చేరింది. నేనేమో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని మానేసి, సూపర్ నేపియర్ గడ్డి వేసి డెయిరీ పెట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రోజంతా మోటారు వేస్తున్నాను.

“కోసినకొద్దీ పెరుగుతుంది, తెలుసా?” అన్నాను గొప్పగా.

“తాగినకొద్దీ పెరుగుతుంది!”

“పోనీ, మొక్కజొన్న వేస్తా.”

“దానికి నీళ్ళతో పాటు యూరియా బస్తాలు కావాల. ఆ యూరియా దిగి దిగి మనం తాగే నీళ్ళలోనే కలుస్తుంది. జొన్న, అలసంద కలిపి చల్లు. వానకే వస్తాయి. అలసంద నేలకు బలం కూడా.”

ఇదంతా చెబుతూ ఆమె కళ్ళు తిప్పిన తీరుకి నాకు సగమే వినపడింది. వారం తిరక్కుండా గడ్డి పీకించి జొన్న చల్లాను.

తర్వాత వాన మొహం చాటేసింది.

సాయంత్రాలు ఇద్దరం గట్టు మీద నిలబడి మబ్బులు చూసేవాళ్ళం. మబ్బు నల్లమల వైపు పోయేది. తులసి నా వైపు చూసేది. నాకు మిగిలిన లాభం అదొక్కటే. జొన్న మోకాలెత్తు కూడా రాకుండానే ఆకులు చుట్టుకుపోయాయి. తడి పెడదామంటే, వేసి వేసి నా మోటారు ఎప్పుడో కాలిపోయింది. గడ్డివాములో ఎండు చొప్ప అయిపోయింది. పొద్దంతా బర్రెలు ఆకలికి అరిచేవి.

“పిల్ల చూపుకు పచ్చగడ్డి పీకినావు గదా, ఇప్పుడు బర్రెలకు ఆ చూపులే మేపు,” అని దెప్పి, మా అమ్మ మస్తానమ్మ కొమరోలులో ఉన్న తన తమ్ముణ్ణి చొప్ప అడగడానికి బస్సెక్కింది.

ఆమె అటు పోగానే నేనిటు కొడవలి పట్టాను. వాడినా పచ్చి మేతే కదా! మోపు కోసి తెచ్చి ముందు వేశాను. పెద్ద బర్రె ఆబగా నోటినిండా లాగింది.

“బావా! వేయొద్దు! నాము!”

తులసి గట్టు మీంచి పరుగెత్తుకొచ్చి, మోపును తన్నేసి, బర్రె నోట్లో చెయ్యి పెట్టి నమిలినంతా బయటికి లాగింది.

“వాన లేక వాడిన లేత జొన్నలో విషం పుడుతుంది, అదే నాము. తిన్న బర్రె నిలబడ్డచోటే కూలిపోతుంది!” అంటూ గిద్దలూరు డాక్టరుకు ఫోన్ చేసింది. ఇంజెక్షన్ తీసుకుని బయల్దేరాడట.

మూడు బర్రెల్లో పాలిచ్చేది ఆ పెద్ద బర్రె ఒక్కటే. అది పోతే డెయిరీ లేదు, మళ్ళీ పలకల ఫ్యాక్టరీయే. ఇద్దరం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. అది తోక ఆడించినా భయమే, ఆడించకపోయినా భయమే.

తులసి ఏడుస్తోంది. “జొన్న వేయమన్నది నేనే. నాము సంగతి చెప్పనిది నేనే. దీనికేమన్నా అయితే నీ మొగం ఎట్ల చూడాల?”

“నువ్వు చూడకపోతే నేను బతకలేను తులసీ!”

అనేశాను. భయంలో ముందూ వెనకా చూసుకోలేదు.

వెనకే దగ్గు వినిపించింది. దశరథరామయ్య మామ! బర్రె కంటే ముందు నేనే పోయేలా ఉన్నాను.

ఆయన భుజం మీది పైపు చుట్ట కింద పడేశాడు. “నువ్వు గడ్డి పీకినాక మా బోరులో నీళ్ళు ఎక్కినాయి. నీ జొన్నకు తడి పెడదామని వచ్చినా. తడి పెట్టి, పూతకొచ్చినాక కోస్తే భయం లేదు. సరేగానీ, ఒకటడుగుతా. గడ్డి పీకింది మా బోరు కోసమా, మా పిల్ల కోసమా?”

తులసి తల ఎత్తలేదు.

“పిల్ల కోసమే మామా.”

ఆయన వంగి పైపు చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. “బోరు కోసమని అబద్ధం చెప్పుంటే పైపు ఎత్తుకోని పోయేవాణ్ణి,” అన్నాడు. “ఆ కొస పట్టుకో.”

డాక్టరు వచ్చేసరికి బర్రె తాపీగా నెమరు వేస్తోంది. గండం గడిచిందన్నాడు. తులసి కళ్ళు తుడుచుకుని లేచింది.

“మీ అమ్మ రాగానే మా ఇంటికి పంపించు,” అంది. “నువ్వు మాత్రం రావద్దు. తొందరపడతావు.”