పలకరింపు లేని ఆర్డరు

"రెండో బూటు ఎక్కడ దాచావో చెప్పు అరబా. ఇంటర్వ్యూకి టైమైపోతోంది."

"నేనెందుకు దాస్తాను? నీ బూట్లకి నేనేమన్నా కాపలానా?"

తెల్లవారినప్పటి నుంచీ ఇదే గొడవ. ఎబో క్వాన్సా ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడుతో హాలంతా కుంటుతున్నాడు. తేమా రేవు కంట్రోల్ రూములో కూర్చుని ఏళ్ళ తరబడి ఓడలకి దారి చెప్పిన మనిషి. ఖర్చు తగ్గించుకుంటున్నామంటూ ప్రభుత్వం ఒక్క ఫోన్ మెసేజ్‌తో అతన్ని ఇంటికి పంపేసింది. ఇన్నాళ్ళకి ఓ విదేశీ కంపెనీ పిలిచింది.

"ఆ కంపెనీ పేరు ఎవరన్నా విన్నారా?" అంది అరబా.

"నా పేరు వాళ్ళు విన్నారు. నాకది చాలు."

అత్తగారు మామే ఎసాబా అలసంద గారెని జావలో ముంచుతూ, "మొగుడు ఇంట్లోనే ఉంటే నీకు హాయేలేమ్మా. గిన్నెలు తోమేవాడు దొరికాడు," అని చురకంటించింది.

కూతురు ఎవురామా వంటింట్లోంచి అరిచింది. "నాన్నా! ఓవెన్లో నీ బూటుంది!"

ఎబో భార్య వైపు చూశాడు. అరబా గోడ వైపు చూసింది.

అతను వెళ్ళిపోయాక ఆమె కూడా సంచి తీసుకుని బయల్దేరింది. ఇంట్లోవాళ్ళకి తెలిసినంతవరకు అరబా ప్రభుత్వ లెక్కల ఆఫీసులో గుమాస్తా. ఆ లెక్కల ఆఫీసుకి తుపాకులుంటాయనీ, అక్కడ ఆమె పేరు గోరింక అనీ వాళ్ళకి తెలియదు. భర్త కోటుకి కొత్త గుండీ కుట్టింది కూడా ఆమే. ఆ గుండీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆర్డరు ప్రకారం గుండీ కుట్టింది. బూటు మాత్రం సొంత బుద్ధితో దాచింది.

బట్టల బజారులో, దుకాణం వెనక గదిలో, డైరెక్టర్ లాంప్టే ఎదురు చూస్తున్నాడు.

"రేవులోంచి తీసేసినవాళ్ళని వెతికి వెతికి ఉద్యోగాలిస్తున్నారు," అన్నాడు. "రేవు రహస్యాల కోసమని మా అనుమానం. డోరాన్ అనేవాడు నడిపిస్తున్నాడు. వాడి సెక్రటరీగా మన సెఫాకోర్‌ని పెట్టాం."

"అంటే నా భర్త ఎర."

"ఎర అనకు. అభ్యర్థి అను."

"మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తే తెలుస్తుంది సార్, ఏమనాలో."

లాంప్టే దగ్గాడు. "కెంకే ముద్దలు అమ్మేదానిలా వాళ్ళ ఆఫీసు గేటు దగ్గర కూర్చో. విను. గేటు దాటకు. ఇది ఆర్డరు."

రేవుకి ఎదురుగా మూడంతస్తుల భవనం. ఎడారి పొడిగాలికి ధూళి కమ్మి సముద్రం కనిపించడంలేదు. తలగుడ్డ చాటున ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న కెంకే ముద్దలూ, పొగలు కక్కే మిరప పచ్చడీ ముందు పెట్టుకుని అరబా కూర్చుంది. బంగారు రంగు మడమల చెప్పులు టకటకలాడిస్తూ సెఫాకోర్ లోపలికి వెళ్ళింది. దారిన పోయేవాళ్ళందరూ తల తిప్పి చూశారు. కాసేపటికి ఆమె దగ్గరనుంచి సందేశం: 'సిమ్యులేటర్ పరీక్ష మాత్రమే. ప్రమాదం లేదు.'

చెవిలో డోరాన్ గొంతు వినిపించింది. "మిస్టర్ క్వాన్సా, ఇది నకిలీ రేవు, నకిలీ ఓడ. కాగితం మీదున్న ఆర్డర్లు మైకులో చెప్పండి. పలకరింపులు వద్దు. టైము వృథా."

ఎబో గొంతు సవరించుకున్నాడు. "పైలట్, ఎడమకి తిప్పి నేరుగా రండి."

కాసేపు గరగర. తర్వాత స్పీకర్లోంచి ఓ ముసలి గొంతు పేలింది.

"ఎవడ్రా అది? పొద్దున్నే ఎలా ఉన్నారన్న మాట లేకుండా తిప్పమంటున్నాడు? గొంతు ఎబోది. ఎబో అయితే ముందు నా మోకాళ్ళ సంగతి అడుగుతాడు. పలకరించే దాకా ఈ ఓడ కదలదు!"

"మా సాఫ్ట్‌వేర్ చాలా సహజంగా ఉంటుంది," అన్నాడు డోరాన్.

అప్పుడే ఓడ హారన్ మోగింది. ఇయర్‌ఫోన్లోనూ మోగింది, బయట ధూళి వెనకనుంచీ మోగింది.

అది నకిలీ ఓడ కాదు. రేవు రేడియోని నొక్కేసి, ఓడల్ని రేవులోకి నడిపే పైలట్లు నమ్మే గొంతుని అద్దెకి తెచ్చుకున్నారు. ఎడమవైపు గ్యాస్ ఓడ సరుకు దించుతోందని కెంకే కొన్న రేవు కూలీలు చెప్పుకోగా వింది. ఈ ఓడ దానికి తగిలితే సగం ఊరు ఉండదు. చంపినవాడి పేరు ఎబో క్వాన్సా అవుతుంది.

ఆమె లాంప్టేకి ఫోన్లో చెప్పింది.

"కమాండోలు వస్తున్నారు," అన్నాడాయన. "మైకు ముందున్నవాడు శత్రువే. కనిపిస్తే కాలుస్తారు. నువ్వు కదలకు."

"ఆ మైకు ముందుకి పంపింది మీరు!"

"గోరింకా, ఇది ఆర్డ..."

అరబా ఫోన్ని పక్కనున్న మురిక్కాలవలో పడేసింది. పళ్ళెం నెత్తిన పెట్టుకుని గేటు దాటింది.

మెట్లెక్కుతుంటే చెవిలో భర్త గొంతు మారిపోయింది. హారన్ అతనూ విన్నాడు. పిస్టల్ ఎక్కుపెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

"చెప్పు, తిప్పమను," అంటున్నాడు డోరాన్.

"విన్నారుగా, పలకరించనిదే ఆయన కదలడు," అన్నాడు ఎబో. "'గా' అనే వాళ్ళ సొంత భాషలో అడగాలి. లేకపోతే ఇంకా కోపమొస్తుంది." మైకులో మొదలుపెట్టాడు. "అంక్రా అన్నా, తప్పయిపోయింది, క్షమించు. మోకాళ్ళెలా ఉన్నాయి? ఇంట్లో అక్క బాగుందా? మనవలు? మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

అరబా మెట్ల మీద ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ నాన్నగారి అంత్యక్రియలకి తను కూడా వెళ్ళింది. నల్లబట్టలు కట్టుకుని ఎబో శవపేటికకి భుజం పట్టాడు.

స్పీకర్లో ముసలి గొంతు మెల్లగా అంది: "మా నాన్నా? బ్రహ్మాండంగా ఉన్నాడురా. నిన్నే అడిగాడు. ఇదిగో, తిప్పుతున్నా."

గది ముందు సెఫాకోర్ అడ్డం నిలబడింది. "వెనక్కి వెళ్ళు గోరింకా. లోపల ఉత్త సిమ్యులేటరే."

"సిమ్యులేటర్ హారన్ సముద్రం మీద మోగుతుందా చెల్లీ? ఎంతకి అమ్ముడుపోయావు?"

సెఫాకోర్ చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. పిస్టల్ బయటికొచ్చేలోపే మిరప పచ్చడి ఆమె మొహం మీద పడింది. అరబా తలుపు తన్ని, పళ్ళెం అంచుతో డోరాన్ మణికట్టు విరగ్గొట్టింది. తూటా పైకప్పులోకి దూసుకుపోయింది.

"అరబా?" ఎబో నోరు తెరిచాడు.

"మైకు వదలకు. ఓడ సంగతి చూడు."

కమాండోలు దూసుకొచ్చేసరికి ఆమె భర్తకి అడ్డంగా చేతులు చాపి నిలబడి ఉంది. "మైకు ముందున్నవాణ్ణి కాల్చాలంటే ముందు నన్ను కాల్చండి."

ఎవరూ కాల్చలేదు. కిటికీలోంచి ధూళి కాస్త విడింది. గ్యాస్ ఓడ పక్కనే, ఇంజన్లు వెనక్కి తిప్పుకుంటూ, ఎర్రటి ఓడ ఒకటి ఆగి ఉంది. ఆ రెంటి మధ్యా ఓ చేపల పడవ పట్టేంత సందుంది.

సాయంత్రం లాంప్టే బల్ల గుద్దాడు. "ఆర్డరు ధిక్కరించావు! నీ భర్తని విచారించాలి!"

"విచారించండి. ఒక్క మెసేజ్‌తో ఎందుకు వీధిలోకి నెట్టారో కూడా అక్కడే చెబుతాడు. ఆ గొంతు విలువ మీకంటే ముందు డోరాన్‌కి తెలిసింది సార్. మీరు పారేసినవాళ్ళని వాడు ఏరుకున్నాడు. మళ్ళీ ఇంకొకడు వస్తాడు. వాడి కంటే ముందు మీరే పిలవండి. లేదా ఇదిగో నా రాజీనామా."

లాంప్టే ఆ కాగితాన్ని మళ్ళీ ఆమె వైపే తోశాడు.

ఆ రాత్రి అందరూ చేపలేసిన పామ్‌నట్ పులుసుతో అన్నం తింటున్నారు. ఎబో భార్య వైపు ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు.

"సోమవారం నుంచి ఎవురామా నాన్న పనిలోకి వెళ్తారు," అంది అరబా, తల ఎత్తకుండానే. "ఆయనతో పాటు రేవులోంచి తీసేసినవాళ్ళు కూడా. మా లెక్కల ఆఫీసులోనే."

మామే ఎసాబా చెయ్యి నోటి దగ్గర ఆగింది. "పై అధికారి ఎవరురా?"

ఎబో గిన్నెలోంచి పెద్ద చేపముక్క తీసి అరబా కంచంలో వేశాడు.

"ఓహో," అంది ముసలావిడ, మళ్ళీ తింటూ. "అయితే కొత్త ఉద్యోగమేం కాదన్నమాట."